గల్లా పెట్టెలో డబ్బంతా మీది కాదు

గిరాకీ లేక మూతపడ్డ షాపులు నేను చూసినవి తక్కువ. గిరాకీ ఉండీ మూతపడ్డవే ఎక్కువ. విజయవాడలో చిన్న షాపులకి లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వెయ్యడం నా పని. కర్రీ పాయింట్లు, కిరాణా కొట్లు, వస్త్రలత బట్టల మార్కెట్లో చీరలు తెచ్చి ఇంటి దగ్గర అమ్ముకునేవాళ్ళు, ఆటోనగర్‌లో చిన్న లేతు షెడ్లు, ఒకటో రెండో మిషన్లున్న ప్రింటింగ్ ప్రెస్సులు, ఇలాంటివే నా దగ్గరికొస్తాయి. షట్టరు శాశ్వతంగా దించే ముందు వారం కూడా సాయంత్రం ఆరింటికి కౌంటర్ ముందు జనం ఉన్న కొట్లున్నాయి అందులో. ఓనర్ని కదిపితే చాలు, "సేల్సుకేం లోటు లేదు మేడమ్, డబ్బే నిలవట్లేదు" అంటాడు.

ఆ నిలవని డబ్బు ఎటు పోతోందో, దాన్ని ఎలా పట్టుకోవాలో చెప్తాను. మార్కెటింగు, రీల్సు, బ్రాండింగు గురించి నన్నడక్కండి, అది వేరేవాళ్ళ విద్య.

రాత్రి లెక్క

రాత్రి షట్టర్ దించేటప్పుడు గల్లాలో 8,000 ఉన్నాయనుకోండి. ఓనరు కంటికి అది ఎనిమిది వేలు. నాకైతే అందులో రేపు పొద్దున రైతుబజారుకి పోయేది కొంత, హోల్‌సేల్ షాపుకి శనివారం కట్టాల్సింది కొంత, ఒకటో తారీకు అద్దె, కుర్రాడి జీతం, కరెంటు బిల్లు, గవర్నమెంటుకి కట్టాల్సిన జీఎస్టీ కనపడతాయి. అవన్నీ పోను మిగిలిందే మీది. అది ఐదొందలు కావచ్చు, ఒక్కో రోజు ఏమీ ఉండకపోవచ్చు. ఈలోగా అదే పెట్టెలోంచి పాల ప్యాకెట్టు, బండిలో పెట్రోలు, పిల్లాడి ట్యూషన్ ఫీజు, బావగారింట్లో గృహప్రవేశానికి చదివింపులు అన్నీ వెళ్ళిపోతాయి. తియ్యడం తప్పని నేననను. ఇంటి కోసమే కదా ఇంత కష్టం. రాయకుండా తీస్తారు చూడండి, చిక్కంతా అక్కడొస్తుంది.

ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. యాప్ వాడతామంటే వాడుకోండి, కాదనను. కానీ చేతులకి పిండి అంటుకుని ఉన్నప్పుడు ఫోను ముట్టుకోబుద్ధి కాదు, పుస్తకమైతే పక్కనున్న కుర్రాడి చేతైనా రాయించొచ్చు. పేజీ పైన తారీకు వేసి, పొద్దున చిల్లర కోసం గల్లాలో ఎంత పెట్టారో రాయండి. ఎడమవైపు వచ్చినవి రాయండి: నగదు అమ్మకం, ఫోన్‌లో పడింది, పాత బాకీలు వసూలైనవి. కుడివైపు పోయినవి: సరుకు, కూలి, ఆటో కిరాయి, టీలు, ఇంటికి. ఈ "ఇంటికి" అన్నదాన్ని విడిగానే రాయాలి. ఇతర ఖర్చుల్లో కలిపారంటే ఇక అది దొరకదు.

నగదు అమ్మకం ఎంతో తెలియాలంటే బిల్లు కొట్టాలి. బిల్లు మిషను లేకపోతే చీటీ పుస్తకంలో అమ్మిన ప్రతిసారీ అంకె వేసుకోండి. పెట్టెలో ఉన్నదాన్ని బట్టి అమ్మకం ఎంతో ఊహించి రాస్తే ఆ లెక్క ఎప్పుడూ సరిపోతూనే ఉంటుంది, దానివల్ల ఉపయోగం సున్నా. పొద్దున పెట్టిన చిల్లరకి నగదు రాబడి కలిపి, నగదుగా పోయింది తీసేస్తే పెట్టెలో ఎంతుండాలో తేలుతుంది. ఉన్నది లెక్కపెట్టండి. తేడా వస్తే తేడా అనే రాయండి, జేబులోంచి వేసి సరిచెయ్యకండి.

సత్యనారాయణపురంలో ఒక కిరాణా కొట్లో ఇలా రాయడం మొదలుపెట్టాక తేడా ప్రతి మంగళవారమే వస్తోందని తేలింది. అప్పటిదాకా పనిచేసే కుర్రాడి మీద అనుమానం. మంగళవారం కూల్‌డ్రింకుల వ్యాను వస్తుంది. ఓనరు భోజనానికి వెళ్ళిన టైముకి వస్తుంది. వాళ్ళావిడ గల్లాలోంచి నగదు తీసి ఇచ్చేసి, బిల్లు మేకుకి గుచ్చేస్తుంది. పుస్తకంలో ఎవరూ ఎక్కించట్లేదు. అంతే విషయం. మేకుకి గుచ్చిన బిల్లులు తీసి చూస్తే ఇంకొకటి కూడా బయటపడింది. పాడైన పెట్టె వెనక్కిచ్చినప్పుడల్లా తగ్గించాల్సిన డబ్బు చాలాసార్లు తగ్గించనే లేదు.

రెండోది, క్యూఆర్ కోడ్. కొట్టు మీదిది, అక్కడ అతికించిన స్టిక్కరు మాత్రం మీ అబ్బాయి సేవింగ్స్ ఖాతాది. అందులోనే వాడి కాలేజీ ఖర్చులు, మీ కరెంటు బిల్లు, చుట్టాలు వేసిన డబ్బులు, అన్నీ. షాపు పేరు మీద కరెంట్ అకౌంట్ తెరిచి క్యూఆర్ దానికే పెట్టండి. ఆ ఖాతాలోంచి నెలకి ఒకటో రెండో సార్లు, ముందే అనుకున్న మొత్తం, మీ ఇంటి ఖాతాకి పంపుకోండి. అది మీ జీతం. 15 వేలనుకుంటే 15 వేలే. ఆ నెల పండగొచ్చిందని 25 తీశారంటే వచ్చే నెల 5 తీసుకోవాలి. ఈ ఒక్క కట్టుబాటు పెట్టుకున్నవాళ్ళు బ్యాంకుకి లోన్ కోసం వెళ్ళినా చూపించడానికి స్టేట్‌మెంట్ ఉంటుంది.

లాభమా, మీ కూలా

షాపు పెడతామని సలహాకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కర్రీ పాయింటు అంటారు. చిన్న మడిగ చాలు, చేతి వంట తెలిసుంటే చాలు, ఉద్యోగాలు చేసే జంటలు సాయంత్రం కూరలు కొనుక్కెళ్తారు. నిజమే. ఒక నెల లెక్క వేసి చూద్దాం.

రోజుకి 8,000 అమ్మకం, నెలకి 2,40,000. ఇందులో బియ్యం, పప్పులు, నూనె, కూరగాయలు, చికెన్ కలిపి 1,25,000. పంతొమ్మిది కేజీల కమర్షియల్ గ్యాసు బండలకి 10,000. అద్దె 15,000. వంట మాస్టరుకి 25,000. ఇద్దరు హెల్పర్లకి 24,000. కరెంటు, నీళ్ళు 5,000. కవర్లు, డబ్బాలు 6,000. మొత్తం 2,10,000. మిగిలింది 30,000. "నెలకి ముప్పై వేలు లాభం" అని ఇంట్లో చెప్పుకుంటారు.

ఇప్పుడు పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా నిలబడిన భార్యాభర్తల సంగతేంటి? మీ చోట్లో కౌంటర్ మీద ఒక మనిషిని పెడితే 20,000 ఇవ్వాలి, తరిగి సర్దే మనిషికి 12,000. ఆ 32,000 లెక్కలో వేస్తే షాపు నెలకి రెండు వేలు నష్టంలో ఉంది. ఇంకా జీఎస్టీ తియ్యలేదు. వండిన కూర అమ్మడం సర్వీసు కిందికొస్తుంది, సర్వీసుకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు ఏడాదికి 20 లక్షలు. మీ అమ్మకం 28 లక్షలు దాటింది. ఐదు శాతం పన్ను ధరలోనే కలిసి ఉందనుకుంటే 2,40,000లో 11,400 దాకా గవర్నమెంటుది. ముప్పై వేలు కాస్తా 18,600 అయింది, ఇద్దరి కష్టానికి.

అయితే పెట్టొద్దనా? కాదు. ఈ లెక్క పెట్టకముందు వేసుకోమని. పెట్టేశాక అయితే ఒక్కో కూరకీ విడిగా వెయ్యండి. చాలా పాయింట్లలో పప్పు కప్పుకీ వేపుడు కప్పుకీ ఒకటే రేటు ఉంటుంది. కేజీ బెండకాయలు ముచ్చికలు కోసి వేయించేసరికి ఎంత మిగులుతుందో ఒకసారి తూకం వేసి చూడండి, సగం పోయినా ఆశ్చర్యపోకండి. పైగా నూనె, వేరుశనగ గుళ్ళు, బాండీ దగ్గర నిలబడే టైము. అదే కేజీ కందిపప్పు ఉడికి, నీళ్ళు పోసుకుని, రెండింతలు దాటుతుంది. వేపుడు బాగుందని మీ దగ్గరికే వస్తున్నారంటే సంతోషమే, కానీ వచ్చిన ప్రతివాడూ వేపుడే పట్టుకెళ్తుంటే రేటు మార్చాలి, లేదా కప్పు సైజు మార్చాలి. రాత్రి షట్టర్ వేసేటప్పుడు ఏ కూర ఎంత మిగిలిందో కూడా అదే పుస్తకంలో రాయండి. నెల తిరిగేసరికి ఏ వారం ఏ కూర పారబోస్తున్నారో మీకే తెలుస్తుంది. వంట మాస్టరుకి ఇది నచ్చదు. వాళ్ళు "తక్కువ వండితే రుచి రాదండీ" అంటారు. రుచి వస్తుంది.

ఆషాఢం డిస్కౌంటు

బట్టల కొట్లు ఆషాఢంలో ఒకరిని చూసి ఒకరు బోర్డు పెడతారు. పెద్ద షోరూములు పెట్టాయంటే వాళ్ళు మిల్లు దగ్గరే రేటు మాట్లాడుకుని, ఆ సరుకుని డిస్కౌంటు సేల్ కోసమే తెచ్చుకుంటారు. మీరు పెట్టాల్సొస్తే ముందు ఈ లెక్క చూడండి. 1,000కి తెచ్చిన చీర 1,200కి అమ్ముతున్నారు. పది శాతం తగ్గిస్తే 1,080. అంటే 200 లాభంలో 120 ఇచ్చేశారు. తగ్గించింది పది శాతమే, మీ లాభంలో పోయింది అరవై శాతం. మామూలుగా నెలకి వంద చీరలు అమ్మేవాళ్ళు అదే లాభం చూడాలంటే రెండొందల యాభై అమ్మాలి.

నిలవ సరుకు వదిలించుకోవడానికి తగ్గిస్తే అది మంచి పనే. నిరుడు దసరాకి తెచ్చిన డిజైను ఈ దసరాకి అడిగేవాళ్ళుండరు, కొన్న రేటుకే ఇచ్చేసినా డబ్బు చేతికొచ్చి కొత్త సరుకు తిరుగుతుంది. కానీ వదిలించుకోవాల్సినవి ఏవో తెలియాలంటే ఏ చీర ఎప్పుడొచ్చిందో చీటీ మీద రాసుండాలి. తెచ్చిన రోజే లేబులు వెనక నెల, సంవత్సరం పెన్నుతో వెయ్యండి. సేల్ బోర్డు వాటికే పెట్టండి, కొట్టంతటికీ కాదు.

అప్పు పుస్తకం

"అప్పు రేపు" అని బోర్డు పెట్టి, దాని కిందే అప్పు ఖాతా రాసుకునే కొట్లు మనవి. పేటలో కిరాణా నడపాలంటే అరువివ్వక తప్పదు, ఇవ్వొద్దని చెప్పేవాళ్ళు ఎప్పుడూ కొట్టు నడిపుండరు. జీతాలొచ్చే తారీకు తెలిసిన ఇళ్ళకి, ఇంత వరకే అని ముందే అనుకుని ఇవ్వండి. ఆ హద్దు ఖాతా పేజీ పైనే రాయండి, వాళ్ళకి కూడా కనపడేలా. ఎనిమిది శాతం మిగిలే వ్యాపారంలో వెయ్యి రూపాయల బాకీ మునిగితే అది పూడ్చుకోవడానికి పన్నెండున్నర వేల సరుకు అమ్మాలి. బాకీ పెరిగినవాళ్ళు మీ కొట్టుకి రావడం మానేసి పక్క వీధిలో నగదిచ్చి కొనుక్కుంటారు, అదింకో నష్టం. అందుకని బాకీ పెరగకముందే అడగాలి. మొహమాటంగా ఉంటే నన్ను తిట్టుకోండి, "లెక్కలు రాసే ఆవిడ నెలాఖరుకి ఖాతాలు క్లోజ్ చెయ్యాలంటోంది" అని చెప్పండి. నా పేరు చెప్పి చాలామంది వసూలు చేసుకున్నారు.

తయారుచేసి కంపెనీలకి సప్లై చేసేవాళ్ళ సంగతి వేరు. ప్రింటింగు, లేతు పని, యూనిఫాంలు కుట్టేవాళ్ళు. చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ముందే తీసుకుని ఆ నంబరు బిల్లు మీద వెయ్యండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, దాటితే ఆర్బీఐ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడింతలు చక్రవడ్డీ. 2023-24 నుంచి ఆదాయపు పన్నులో కూడా మెలిక పెట్టారు. గడువు దాటి కట్టకుండా ఉంచిన బిల్లుని కొన్నవాడు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు. మార్చి నెలలో వాళ్ళ అకౌంట్స్ సెక్షన్‌కి ఫోన్ చేసి ఈ మాట గుర్తుచేస్తే బిల్లు కదులుతుంది. సరుకు కొని అమ్మే ట్రేడర్లకి మాత్రం ఈ సౌకర్యం లేదు.

వంద రోజుల ఫైనాన్సు

నేను గట్టిగా వద్దని చెప్పేది ఒకటుంది, డైలీ ఫైనాన్సు. 10,000 అడిగితే 9,000 చేతిలో పెడతారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. సాయంత్రం బండి మీద కుర్రాడొచ్చి కార్డు మీద సంతకం పెట్టి తీసుకెళ్తాడు. "వెయ్యే కదా వడ్డీ, పది శాతమే" అనుకుంటారు. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కట్టేస్తున్నారు కదా, వంద రోజుల్లో సగటున మీ దగ్గరుండే వాళ్ళ డబ్బు 4,700 దాకానే. దాని మీద వెయ్యి వడ్డీ, వంద రోజులకి. మన భాషలో నూటికి ఆరు రూపాయల పైన వడ్డీ, ఏడాదికి 77 శాతం దగ్గర. ఎనిమిది శాతం మిగిలే కిరాణా ఆ వడ్డీని ఎలా మోస్తుందో మీరే చెప్పండి. యాభయ్యో రోజున మొదటి అప్పు తీర్చడానికి రెండోది తీసుకుంటారు. అప్పుడు సాయంత్రం ఇద్దరు కుర్రాళ్ళొస్తారు.

బీరువాలో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టినా నెలకి నూటికి రూపాయి అటూ ఇటూగా పడుతుంది. కేంద్రం ముద్ర పథకం కింద తాకట్టు లేకుండా ఇచ్చే లోన్లున్నాయి, శిశులో 50,000 వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు. బ్రాంచిలో తిప్పుతారు, కాదనను. అందుకే అవసరం పడకముందే, షాపు బాగా నడుస్తున్నప్పుడే, ఆరు నెలల కరెంట్ అకౌంట్ స్టేట్‌మెంటు పట్టుకుని వెళ్ళి అడగాలి. కష్టంలో ఉన్నవాడి స్టేట్‌మెంటు చూసి ఏ మేనేజరూ సంతకం పెట్టడు.

చిట్టీ గురించి కూడా అడుగుతారు. పొదుపుకి మంచిదే, అదీ రిజిస్టరైన కంపెనీలో అయితే. 1982 చట్టం కింద నడిచే వాటిలో నిర్వాహకుడి కమీషన్ ఏడు శాతం మించకూడదు. వీధిలో నమ్మకం మీద నడిచే చిట్టీ మునిగితే అడగడానికి కాగితం ముక్క కూడా ఉండదు. అసలు పొరపాటు ఏంటంటే షాపు మొదట్లోనే చిట్టీ పాట పాడి, చేతికొచ్చేది బాగా తగ్గించుకుని ఎత్తేసి, ఆ డబ్బంతా ఇంటీరియర్‌కి పెట్టెయ్యడం. గ్లాసు తలుపు, ఫాల్స్ సీలింగు, లైట్లు వస్తాయి. ర్యాకుల్లో సరుక్కి డబ్బుండదు. వాయిదా మాత్రం గిరాకీ ఉన్నా లేకపోయినా నెలనెలా కట్టాలి. మీ దగ్గర పది లక్షలుంటే అద్దె అడ్వాన్సు, ఫర్నిచరు, బోర్డు కలిపి నాలుగు దాటనివ్వకండి. ఆరు నెలల అద్దె, జీతాలు ముట్టుకోకుండా పక్కనుండాలి. మిగతాది సరుకు.

జీఎస్టీ దగ్గర జరిగేవి

ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్ళకి ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటితే రిజిస్ట్రేషను కావాలి. తెలంగాణలో అదే 20 లక్షలు. విజయవాడలో తమ్ముణ్ణి చూసి ఖమ్మంలో అన్న "మనకింకా టైముందిలే" అనుకుంటాడు, అక్కడ దెబ్బ తింటాడు. సర్వీసుకి రెండు చోట్లా 20 లక్షలే. ఈ లెక్క షాపుకి కాదు, పాన్ నంబరుకి. ఒకే పాన్ మీద రెండు కొట్లుంటే రెండూ కలుపుతారు. పక్క రాష్ట్రానికి సరుకు పంపితే అసలు ఈ హద్దులే వర్తించవు.

కాంపోజిషన్ స్కీము కోటిన్నర టర్నోవరు లోపు వాళ్ళకి. సరుకు అమ్మేవాళ్ళకి ఒక శాతం, హోటళ్ళకి ఐదు. లెక్క తేలిక, మూడు నెలలకోసారి కడితే చాలు. కానీ ఆ పన్ను కస్టమరు దగ్గర వసూలు చెయ్యకూడదు, మీరు కొన్నదాని మీద కట్టిన పన్ను వెనక్కి రాదు, సరుకు రాష్ట్రం దాటించకూడదు. మీ దగ్గర కొనేవాళ్ళు ఇళ్ళవాళ్ళైతే ఇది బాగుంటుంది. కొనేవాళ్ళు షాపులూ కంపెనీలూ అయితే, మీ బిల్లు మీద వాళ్ళకి క్రెడిట్, అంటే కొన్నప్పటి పన్నుని కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు, రాదు కనుక మెల్లగా జారుకుంటారు. ఎవరికి అమ్ముతున్నారో చూసుకుని ఎంచుకోండి, పక్కవాడు తీసుకున్నాడని కాదు.

యూపీఐ గురించి ఒక మాట. 2025 జులైలో బెంగళూరులో యూపీఐ రాబడి చూసి చిన్న చిన్న వ్యాపారులకి కూడా టాక్సు నోటీసులిచ్చారు, దాంతో చాలా కొట్లు క్యూఆర్ స్టిక్కర్లు పీకేసి నగదే ఇమ్మన్నాయి. మా దగ్గరా కొందరు అదే చేస్తామన్నారు. స్టిక్కరు పీకితే గిరాకీ తగ్గడం తప్ప లాభం లేదు. నోటీసొస్తే ఏది అమ్మకం, ఏది చుట్టాలు పంపిన డబ్బు, ఏది పన్నులేని సరుకు అని విడదీసి చూపించగలిగితే చాలు. అది చూపించాలంటే పైన చెప్పిన పుస్తకం, విడి ఖాతా ఉండాలి. బియ్యం మిల్లుల వాళ్ళని చూడండి, 2022 జులైలో ప్యాక్ చేసి లేబులేసిన 25 కేజీల వరకు ఉన్న బస్తాకి పన్ను పెట్టగానే 26 కేజీల బస్తాలు దించేశారు. రూలు తెలిసినవాడు బస్తా కుట్టే దగ్గరే సర్దుకున్నాడు.

అద్దె కాగితం

పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుని రెండు లక్షలు సామానుకి పెట్టేవాళ్ళున్నారు. షాపు పుంజుకోగానే మడిగ ఓనరు అద్దె పెంచుతాడు, లేదా వాళ్ళబ్బాయికే షాపు కావాలంటాడు. కనీసం మూడేళ్ళకి రాయించి రిజిస్టరు చేయించండి. ఏటా ఎంత పెంచాలో, అడ్వాన్సు ఎప్పుడు వెనక్కిస్తారో కాగితం మీదుండాలి.

మీరు కాంపోజిషన్‌లో కాకుండా రెగ్యులర్ జీఎస్టీలో ఉండి, మడిగ ఓనరుకి రిజిస్ట్రేషన్ లేకపోతే 2024 అక్టోబరు 10 నుంచి ఆ అద్దె మీద 18 శాతం మీరే కట్టాలి. బట్టల కొట్టైతే అది క్రెడిట్‌గా వెనక్కొస్తుంది. ఐదు శాతం కట్టే హోటలుకి, కర్రీ పాయింటుకి క్రెడిట్ లేదు, అది పూర్తిగా ఖర్చే. 15,000 అద్దె అనుకున్నది 17,700 అన్నమాట. పై లెక్కలో ఇంకో 2,700 కొట్టేసుకోండి.

నీళ్ళొస్తే

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ అంతా మునిగినప్పుడు కింది ర్యాకులు కాదు, పై ర్యాకుల దాకా పోయిన కొట్లున్నాయి. బండికి ఇన్సూరెన్సు కట్టినవాళ్ళే సరుక్కి కట్టలేదు. చిన్న వ్యాపారాలకని 2021 ఏప్రిల్ నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని ఒక పాలసీ అన్ని జనరల్ ఇన్సూరెన్సు కంపెనీల్లోనూ ఉంది. అగ్నిప్రమాదం, వరద రెండూ వస్తాయి. బ్యాంకు లోన్ ఉన్నవాళ్ళు "బ్యాంకువాళ్ళే కట్టారుగా" అంటారు. ఆ పాలసీ కాపీ అడిగి తీసుకుని అడ్రసు చూడండి. షాపు మారినా పాత అడ్రసే ఉండటం, పది లక్షల సరుక్కి మూడు లక్షలకే ఉండటం మామూలే. గోడౌన్ వేరే చోటుంటే అది కూడా రాయించాలి. సరుకు కొన్న బిల్లుల ఫోటోలు ఫోన్లోనే కాకుండా మెయిల్లో కూడా దాచండి. మునిగిన కొట్లో బిల్లు పుస్తకం కూడా మునుగుతుంది కదా.

రెండో బ్రాంచి, వాటాలు

మొదటి కొట్టు మీరు పది రోజులు తిరుపతి, అరుణాచలం తిరిగొచ్చినా అదే అమ్మకంతో, అదే లెక్కతో నడిస్తే రెండోది పెట్టండి. లేకపోతే వద్దు. వాటాదారు బావమరిదైనా సరే, పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాసి రిజిస్టరు చేయించండి. రిజిస్టరు కాని ఫర్ము ఎవరైనా డబ్బెగ్గొడితే ఫర్ము పేరు మీద కోర్టుకెళ్ళలేదు. ఎవరెంత పెట్టారన్నది ఎలాగూ రాస్తారు. ఎవరు ఏ పూట కూర్చుంటారు, ఎవరు ఎంత జీతం తీసుకుంటారు, విడిపోతే సరుకు ఏ రేటుకి పంచుకుంటారు, ఇవి కూడా రాయండి.

మూసెయ్యాలని తేలితే

మూడు నెలల పుస్తకం చూసి, మీ జీతం కలిపి, ధరలు మార్చి, అయినా నష్టమే అని తేలితే మూసెయ్యొచ్చు. ఇంకో అప్పు తెచ్చి ఇంకో ఆరు నెలలు లాగేవాళ్ళ కంటే ఆ రోజే దించినవాళ్ళు త్వరగా ఇంకో పనిలో కుదురుకున్నారు, నేను చూసినంతలో. కాకపోతే తాళం వేసి వెళ్ళిపోకండి. అమ్మకం లేదు కదా అని రిటర్నులు మానేస్తే ఖాళీ రిటర్నుకి కూడా రోజుకి 20 రూపాయల లేటు ఫీజు పడుతుంది. సరుకు హోల్‌సేలర్‌కి వెనక్కివ్వగలిగింది ఇచ్చి, మిగిలింది అమ్మేసి, జీఎస్టీ క్యాన్సిలేషన్‌కి అప్లై చెయ్యండి. చేతిలో మిగిలిన సరుకు మీద తీసుకున్న క్రెడిట్ తిరిగి కట్టాల్సి ఉంటుంది, అది ముందే లెక్కేసి పక్కన పెట్టుకోండి. రెగ్యులర్ స్కీములో ఉన్నవాళ్ళు క్యాన్సిలైన మూడు నెలల్లో జీఎస్టీఆర్-10 అనే చివరి రిటర్ను వెయ్యాలి. అందరూ మర్చిపోయేది ఇదే, ఏడాది తర్వాత నోటీసు పట్టుకుని పరిగెత్తుకొస్తారు. తర్వాత ఫుడ్ లైసెన్సు, కరెంటు మీటరు, ఉద్యమ్. బ్యాంకు ఖాతా అన్నిటికంటే ఆఖరున మూయండి, రావాల్సిన బాకీలు, రీఫండ్లు అందులోనే పడాలి. బిల్లులు, పుస్తకాలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి ఆరేళ్ళు ఉంచాలి, అట్టపెట్టెలో కాకుండా ఎలుకలు దూరని డబ్బాలో.